ఎంత లోతు అంటే ఏ లోతు?

మా పిన్ని కొడుకు ఫోన్ చేసేటప్పటికి నేను మధురవాడలో నడిరోడ్డు మీద రాడారు బండి తోస్తున్నాను. ఏప్రిల్ ఎండ. తలకు తువ్వాలు, చెవి దగ్గర ఫోను, ఇంకో చేత్తో బండి.

"అన్నియ్యా, నువ్వు తోసే మిషను పేరేటన్నావు?"

"జీపీఆర్. గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్, నేలలోకి చూసే రాడారు."

"ఆఁ, అదే. పూరీ గుడిలో పెట్టి సూసినారు గదా. ఓపాలి మన మెరక్కి తెచ్చీ. నీళ్ళెంత లోతులో ఉన్నాయో సూసీసి ఎలిపోదువు గాని."

సూసీసి ఎలిపోదువు గాని! నేలకు మూత ఉన్నట్టు, అది తీసి తొంగిచూస్తే చాలన్నట్టు అన్నాడు. వాడి తప్పేం లేదు. 2024 సెప్టెంబరులో పూరీ రత్నభండారంలో రహస్యపు అరలేమైనా ఉన్నాయేమోనని జీపీఆర్‌తో చూశారు. 2025 ఫిబ్రవరిలో ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిదిమంది లోపల ఉండిపోయినప్పుడు, ఆ బురదలో వెతకడానికీ ఇదే తెచ్చారు. టీవీలు ఈ మూడక్షరాలనీ ఇంటింటికీ చేర్చేశాయి. అంతకుముందు మా చుట్టాల్లో నాది 'గోతుల ఉద్యోగం'. ఇప్పుడు నేను 'రాడారు బాబు'ని.

నిజానికి నా పని గోతులు పడకుండా చూడటం. రోడ్డు కింద నీళ్ళ పైపు ఎక్కడుంది, కరెంటు కేబులు ఎక్కడుంది అని ముందే పట్టుకుని, తవ్వేవాళ్ళ కోసం సున్నంతో గీతలు గీసివ్వాలి. పదకొండేళ్ళుగా ఈ బండితోనే అన్నం తింటున్నాను కాబట్టి దాన్ని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. అయినా ఒక మాట గట్టిగా చెప్పదలుచుకున్నాను: మా విజయనగరం వైపు మెరకభూముల్లో బోరు పాయింటు కోసం రాడారు తేవడం దండగ. ఎందుకు దండగో మా తమ్ముడికి ఫోనులో చెప్పలేకపోయాను. రెండు వారాలు ఏవో సాకులు చెప్పాను. "అన్నియ్యకి మిషనంటే మా మీద కన్నా పేనం" అని పిన్ని ఎవరితోనో అన్నదని తెలిశాక, మా యజమానిని అడిగి, మే నెలలో ఒక ఆదివారం బండిని ఆటోలో వేసుకుని బయల్దేరాను.

మూడు బోర్లు, ఒక నుయ్యి

వాడిది గజపతినగరం నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు లోపలికి, చంపావతికి కాస్త ఎగువన మూడెకరాల మెరక. మొక్కజొన్న, నువ్వులు వేస్తాడు. గట్టు మీద జీడిమామిడి. మూలన తాతల నాటి రాతి నుయ్యి ఒకటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. చుట్టూ తుప్పలు, అంచున రావిమొక్క.

2016లో మొదటి బోరు, 180 అడుగులు. రెండు వేసవులు నీళ్ళిచ్చి మూడోదానికి ఎండింది. 2019లో రెండోది, 260 అడుగులు. అందులో దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. పోయినేడు మూడోది, 300 అడుగులు. "140 కాడ గ్యాపు తగిలింది, అర ఇంచీ నీళ్ళు" అని రిగ్గు మేస్త్రీ చెప్పాడట. అప్పటినుంచి ఊళ్ళో ఎవరడిగినా వాడి జవాబు ఒకటే: మా కాడ నీళ్ళు 140లో ఉన్నాయి.

వెళ్ళగానే నేను బండి దించలేదు. సంచీలోంచి స్టీలు టేపు తీసి, మొదటి కొన్ని అడుగులకు నీలం సుద్ద రాసి, మూడో బోరు మూత తీసి లోపలికి వదిలాను. సుద్ద తడిసినచోట రంగు ముదురుగా మారుతుంది. అక్కడి లెక్క తీసేస్తే నీళ్ళు ఎంత కింద ఉన్నాయో తెలిసిపోతుంది. ఇంతకన్నా చవకైన, నమ్మదగిన కొలత నాకు తెలీదు. 28 అడుగులు వచ్చింది.

వాడు టేపు కేసి చూశాడు, నా కేసి చూశాడు. "మరి 28లో నీళ్ళుంటే 140 దాకా ఎందుకు తవ్వించినట్టు?"

పదకొండేళ్ళలో నన్ను ఎవరూ అడగనంత మంచి ప్రశ్న అది. ఇసుకలో అయితే ఈ తేడా రాదు. ఎక్కడ నీళ్ళు తగులుతాయో అక్కడే నిలుస్తాయి. బండ కథ వేరు. గట్టిరాయిలో నీళ్ళకు చోటే ఉండదు, ఉంటే పగుళ్ళలోనే. రిగ్గువాళ్ళు గ్యాపు అనేది దాన్నే. ఆ పగులు ఎక్కడో ఎగువన, కొండ పాదంలో, వాననీరు ఇంకే చోటుతో కలిసి ఉంటుంది. అక్కడి నీటి ఒత్తిడికి ఇక్కడ నీళ్ళు బోరులో పైకి ఎగదన్ని 28 దగ్గర నిలబడ్డాయి. అంటే 28 అనేది మట్టం. 140 అనేది నీళ్ళు లోపలికి వచ్చే దారి. రైతు లక్షలు పెట్టేది ఆ దారి కోసం.

ఇక మూడో లోతు ఒకటుంది. మోటారు వేసి గంట ఆగి మళ్ళీ కొలిస్తే 118 అడుగులు వచ్చింది. ఇంకాసేపటికి పైపులోంచి గాలి, నీరు కలిసి దగ్గుతున్నట్టు రావడం మొదలైంది. ఆ ఇంట్లో అందరికీ బాగా తెలిసిన చప్పుడది. 28 అడుగుల్లో కనిపించిన నీళ్ళు ఏమైపోయాయి? ఎక్కడికీ పోలేదు. గొట్టంలో నిలిచిన నీళ్ళు తోడేశాం, పగులులోంచి అంత వేగంగా మళ్ళీ రావడం లేదు, అంతే.

ఒక్క బోరుకే మూడు లోతులు. "భూగర్భ జలం ఎంత లోతులో ఉంది?" అని పేపర్లు రాసినా, ఆఫీసులు చెప్పినా, అది ఏ లోతో అడగాలనే ఆలోచన మనకు రాదు. రాడారు అన్నీ బాగుంటే చెప్పగలిగేది వీటిలో మొదటిదాన్ని, అదీ ఇసుక లాంటి నేలలో. ఆ మొదటిదాన్ని సుద్ద రాసిన టేపు కూడా చెబుతుంది.

మెరకలో చీకటి

అయినా తెచ్చిన బండి తెచ్చాను కదా. పిల్లలు, పెద్దలు కలిసి పాతికమంది గట్టు మీద చేరారు. మా బాబాయి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎవరో కొబ్బరికాయ కూడా తెచ్చారు, మిషనుకు కొట్టాలా నేలకు కొట్టాలా అని కాసేపు మీమాంస పడి, చివరికి ఆటో చక్రం ముందు కొట్టారు.

ఆఫీసులో ఎవరూ ముట్టని 100 మెగాహెర్ట్జ్ యాంటెన్నా ఒకటుంటే అదీ తెచ్చాను. రోడ్ల మీద వాడే 400 కన్నా ఇది లోతుకు పోతుంది. ఇద్దరం కలిసి దాన్ని స్లెడ్జి బండిలా దుక్కి మీద లాక్కుంటూ వెళ్ళాం. తెర మీద మొదట రెండు మూడు చారలు వచ్చాయి. దున్నిన పొర, దాని కింద గట్టి పొర. మీటరు దాటాక చారలు పలచబడ్డాయి. మీటరున్నర తర్వాత పాత టీవీలో ఛానెలు పోయాక వచ్చే చుక్కలే. అటు తిప్పినా, ఇటు తిప్పినా అవే చుక్కలు.

"ఏటి కనిపిస్తంది?" అన్నాడు బాబాయి కుర్చీలోంచి.

"బంక కనిపిస్తోంది బాబాయ్. అంటే ఏమీ కనిపించడం లేదు."

రాడారు చేసే పని చెప్పుకోవాలంటే చిన్నదే. పెట్టెలోంచి రేడియో తరంగం నేలలోకి దిగుతుంది. నేల గుణం ఒక్కసారిగా మారినచోట కొంత వెనక్కి తిరుగుతుంది. ఎన్ని నానోసెకన్లలో తిరిగొచ్చిందో చూసి లోతు లెక్క కడతాం. గాలిలో ఈ తరంగం నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. పొడి ఇసుకలో సుమారు 15. నీళ్ళు నిండిన ఇసుకలో 6. ఉత్త నీటిలో 3 పైన కొంచెం. పొడి ఇసుక ఆగి తడి ఇసుక మొదలయ్యే చోట ఇంత తేడా ఉంది కాబట్టే అక్కడ తరంగం గోడకు తగిలిన బంతిలా తిరిగొస్తుంది. బంకమట్టిలో ఈ ఆట సాగదు. తడి బంక కరెంటును మోస్తుంది, మోస్తూ తరంగాన్ని తినేస్తుంది. లోపలికి వెళ్ళింది వెనక్కి రాకపోతే తెర మీద ఏం గీస్తాం?

మా కొండలన్నీ ఎక్కువగా ఖోండలైటు. కొండల్లోని ఖోండుల పేరు మీద ఆ రాయికి ఆ పేరు పెట్టారు. పూరీ, కోణార్క గుళ్ళు కట్టిందీ ఈ రాతితోనే. "పూరీలో పనిచేసిన మిషను మన కాడ ఎందుకు పనిచేయదు?" అని మా తమ్ముడు నిలదీసినప్పుడు నాకు తోచిన జవాబు ఇది: అక్కడ గుడి గోడలో ఉన్నది చెక్కి పేర్చిన రాయి. ఇక్కడ నీ పొలం కింద ఉన్నది అదే రాయి, కాకపోతే యుగాల తరబడి వానకు నాని మెత్తబడి సుద్దా బంకా అయిపోయింది. ఆ మెత్తటి పొరలు దాటితే గానీ నీకు కావాల్సిన బండా లేదు, పగులూ లేదు.

వాడు ఒప్పుకున్నట్టు తలూపాడు. ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది.

ఇసుకలో గీత

సాయంత్రం ఎండ తగ్గాక, పిల్లలు నిరాశపడతారని, బండిని చంపావతి ఇసుకలోకి దింపాను. ఏరు మధ్యలో సన్నటి పాయ. మిగతాదంతా ఎండిన ముతక ఇసుక. ఈసారి 400 యాంటెన్నా పెట్టి పాయకు అడ్డంగా ముప్ఫై మీటర్లు తోశాను.

తెర మీద రూళ్ళకర్రతో కొట్టినట్టు గీత! పైన ఇసుక మెరకా పల్లంగా ఉన్నా, గీత మాత్రం పాయ వైపు నెమ్మదిగా వాలుతూ సాగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పొద్దున్నుంచీ పోయిన నా పరువు కొంత వెనక్కి వచ్చింది.

గీత 25 నానోసెకన్ల దగ్గర ఉంది. పోయి రావడానికి పట్టిన కాలం అది. ఇసుకలో వేగం నానోసెకనుకు 13 సెంటీమీటర్లు అనుకుంటే 162 సెంటీమీటర్ల లోతు. "చెలమ తియ్యండి" అన్నాను. నలుగురు కుర్రాళ్ళు పోటీపడి చేతులతో, చిప్పలతో తోడేశారు. మొదట తెల్లటి పొడి ఇసుక, తర్వాత కాస్త తేమ, ఆ తర్వాత గోధుమరంగు తిరిగిన తడి ఇసుక. గోడలు జారిపోతుంటే వెడల్పు చేసుకుంటూ తవ్వారు. అడుగున ఇసుక మెరిసింది, నీరు చెమర్చింది, ఊరింది, చివరికి నిలిచింది. టేపు పెడితే 150 సెంటీమీటర్లు.

పన్నెండు సెంటీమీటర్ల తేడా ఎక్కడిది? వేగం నేను అనుకున్న 13 కాదు, 12. ఇంకా నిక్కచ్చిగా అంటే 12 కన్నా కాస్త తక్కువే. ఎందుకంటే రాడారుకు తగిలేది నీటి మట్టం కాదు, దాని పైన ఇసుక పీల్చుకున్న తడి అంచు. ముతక ఇసుకలో ఆ అంచు బెత్తెడు ఉంటుంది కాబట్టి గీత పదునుగా వచ్చింది. సన్న ఒండ్రులో తడి మెల్లమెల్లగా పైకి పాకుతుంది, అక్కడ గీత అలికినట్టు వస్తుంది.

నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వనిది ఈ లెక్కే. వేగం 12 అని నాకు ఎలా తెలిసింది? చెలమ తీశాం కాబట్టి తెలిసింది. అంటే రాడారు చెప్పిన లోతును సరిచేయడానికి గొయ్యి కావాలి. గొయ్యి తీశాక లోతు ఎలాగూ తెలుస్తుంది. తవ్వకుండా వేగం పట్టే పద్ధతులు లేకపోలేదు. రెండు యాంటెన్నాలను ఒకదానికొకటి దూరం జరుపుతూ కొలవచ్చు. కానీ ఎక్కడైతే రాడారు అద్దంలా చూపిస్తుందో, అక్కడ మా ముసలమ్మలు చేత్తో చెలమ తీసుకుని బిందె నింపుకునేవారు. ఎక్కడైతే చెయ్యి అందక రైతు అప్పులపాలవుతున్నాడో, అక్కడ రాడారు గుడ్డిది.

నా వాదనకు తగిలిన దెబ్బలు

ఇదంతా ఫోనులో విన్న ఒక స్నేహితుడు, భూభౌతికం చదివినవాడు, నన్ను తిట్టాడు. "100తో కాదు, 25 మెగాహెర్ట్జ్‌తో వెళ్ళు. ఇంకా లోతుకు పోతుంది" అన్నాడు. నిజమే. ఫ్రీక్వెన్సీ తగ్గితే లోతు పెరుగుతుంది. కానీ 25 అంటే యాంటెన్నా సుమారు నాలుగు మీటర్ల పొడవుంటుంది. జీడితోటలో దాన్ని తిప్పేవాడి అవస్థ అటుంచి, నేలలో ఆ తరంగం పొడవే నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. నీళ్ళిచ్చే పగులు బెత్తెడు కూడా ఉండదు. తిమింగలానికి వేసిన వలలో చీమ పడుతుందా? పైగా బంక ఏ ఫ్రీక్వెన్సీనీ పూర్తిగా వదలదు. దీనికి అతను "సరే, నీ బంక నీది" అన్నాడు. నేను గెలిచాననుకోను. మెత్తబడని గట్టిబండ పైకి తేలి ఉన్న చోట్ల రాడారు పగుళ్ళను చూపించిన సందర్భాలు ఉన్నాయి. మా తమ్ముడి పొలం అలాంటిది కాదు, అంతవరకే నేను చెప్పగలను.

బంక తగాదా మనకే కాదు. అంగారకుడి దక్షిణ ధ్రువం దగ్గర, మంచు కింద కిలోమీటరున్నర లోతులో, 20 కిలోమీటర్ల వెడల్పున నీటి చెరువు ఉన్నట్టుందని 2018లో ఇటలీ శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాళ్ళు చూసింది రాడారుతోనే, ఉపగ్రహం మీది నుంచి. మూడేళ్ళు తిరక్కుండా ఇంకొందరు లేచి, అది నీరు కాదు, బంకమట్టి రకం ఖనిజమైనా అలాగే మెరుస్తుందన్నారు. నీరా, బంకా? గజపతినగరంలోనూ అదే ప్రశ్న.

రెండో దెబ్బ ఇంకా బలమైనది, అది నేనే కొట్టుకున్నాను. శ్రీకాకుళం తీరం సంగతేంటి? కవిటి, సోంపేట వైపు ఇసుకనేలలు, కొబ్బరితోటలు. అక్కడ సముద్రపు ఉప్పునీటి మీద మంచినీరు తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టం కన్నా మంచినీటి మట్టం ఒక మీటరు ఎత్తున ఉంటే, కిందికి దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుందని పాత లెక్క ఒకటుంది. తిరగేసి చూడండి. పైన అడుగు తగ్గితే కింద 40 అడుగులు తగ్గుతుంది. అలాంటి చోట నీటి మట్టం బెత్తెడు అటూ ఇటూ అయినా పట్టించుకోవాల్సిందే. నూతికీ నూతికీ మధ్య ఏం జరుగుతోందో నుయ్యి చెప్పదు. రాడారు కిలోమీటరు పొడవునా గీతగీసి చూపించగలదు. ఉప్పునీరు తగిలిన చోట తరంగం చచ్చిపోతుంది కాబట్టి, ఆ చీకటే ఉప్పు ఎక్కడిదాకా వచ్చిందో చెబుతుంది. మా బండి మా తమ్ముడి మెరకలో కన్నా అక్కడ తిరిగితే న్యాయం. కానీ ఉద్దానం మనిషినడిగితే నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయన్నది వాళ్ళ బాధ కాదంటారు. ఆ నీళ్ళలో ఏముంది, కిడ్నీలు ఎందుకు పోతున్నాయి అన్నది బాధ. దానికి ఇన్నేళ్ళైనా అందరూ ఒప్పుకునే ఒక్క కారణం తేలలేదు. రాడారు ఆ విషయంలో నోరెత్తదు.

మేకులున్న రాడారు

ఇక అసలు కోపం. నేను చేతులెత్తేసిన నెల తర్వాత మా తమ్ముడు ఇంకొకణ్ణి పిలిచాడు. "రాడార్ స్కానింగ్, పాయింటుకు 8 వేలు" అని కరపత్రం. నాకు చెప్పకుండానే చేయించి, తర్వాత వీడియో పంపాడు. నా బండి చూపించలేని రంగులన్నీ ఆయన తెర మీద ఉన్నాయి: నీలం, ఆకుపచ్చ, ఎరుపు. నీలం ఉన్నచోట నీళ్ళట. 210 అడుగుల దగ్గర "రెండించీలు" అని అంకెతో సహా.

వీడియో మూడుసార్లు చూశాను. నా కన్ను రంగుల మీద కాదు, కింద కుర్రాడు నేలలో గుచ్చుతున్న రెండు రాగి మేకుల మీద, వాటి వైర్ల మీద పడింది. రాడారుకు మేకులు అక్కర్లేదు. అది నేలను గుచ్చదు, తరంగం పంపి వినడమే దాని పని. ఆ పెట్టె కొలిచేది ఏదో విద్యుత్తు తేడాను. దానికీ ఒక శాస్త్రం ఉండవచ్చు. కానీ దాన్ని రాడారని అమ్మడం, పైగా రెండించీలని ముందే చెప్పడం దగా. ఏ మిషనూ పై నుంచి నీళ్ళ ఇంచీలు కొలవలేదు. ఈ కరపత్రాల ఆయన తప్పు సగమే. టీవీలో మేం చూపించిన మూడక్షరాల మోజు మిగతా సగం.

"మరి మేకులతో సూసేది ఏదీ మంచిది కాదా?" అనడిగాడు. మంచిదే ఉంది. కరెంటు పద్ధతి. 1912లో ఫ్రాన్సులో ష్లంబర్జర్ మొదలుపెట్టినది. నాలుగు మేకులు ఒకే వరుసలో దిగ్గొట్టి, చివరి రెంటికీ కరెంటు ఇచ్చి, లోపలి రెంటి మధ్య వోల్టేజి చూస్తారు. చివరి మేకులను దూరం జరిపేకొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది. రాడారును చంపే బంక దీనికి అడ్డం కాదు. మెత్తరాయి ఎంత మందాన ఉంది, గట్టిబండ ఎక్కడ మొదలవుతుంది అన్నది ఫరవాలేదనిపించేలా చెబుతుంది. తడి బంకకూ నీళ్ళున్న మెత్తరాయికీ తేడా దానికీ సరిగా తెలీదు, కాబట్టి అది చెప్పేది ఇక్కడైతే ఆశ ఉందని మాత్రమే.

ఈ పద్ధతికి వైర్లు రెండు వందల మీటర్ల పైన పరవాలి. ఆ పద్ధతివాళ్ళను పిలిపించినప్పుడు మూడెకరాల్లో అంత చోటు లేక పక్క పొలంలోకి వెళ్ళబోతే, ఆ పొలం ఆసామి కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. "నా నేలలో మేకులేసి నా నీళ్ళు లాక్కుపోతారేటి?" ఆయన్ని ఒప్పించడానికి రెండు టీలు, ఒక సాయంత్రం పట్టింది.

మా బాబాయికి వీటిలో ఏదీ పట్టలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే ఆయన మీదే గురి. "ఆయన చెప్పిన పదిలో ఏడు పడ్డాయి." పడే ఉంటాయి, కాదనను. మెత్తరాయి మందంగా ఉన్న నేలలో ఎక్కడ తవ్వినా ఎంతో కొంత తడి తగులుతుంది. కళ్ళు మూసుకుని రాయి విసిరి, అది పడినచోట తవ్వినా పదికి ఏడు పడతాయా అని ఎవరూ విసిరి చూడలేదు కదా. ఈ మాట బాబాయితో అనలేదు. ఆయన పెద్దవాడు, పైగా మూడు బోర్లలో కొబ్బరికాయ చెప్పింది మొదటిదొక్కటే, రెండు వేసవులు నీళ్ళిచ్చిందీ అదే.

తాడు

ఆ ఆదివారం ఆటో ఎక్కే ముందు పాత నూతి దగ్గర ఆగాను. తుప్పలు తొక్కుకుంటూ వెళ్ళి తొంగిచూస్తే అడుగున ఆకాశం ముక్క కనిపించింది. నీళ్ళున్నాయి. టేపు వదిలాను: 23 అడుగుల 4 అంగుళాలు. నుయ్యి మొత్తం లోతు 32. వాన ముసిరిన ఏడు కార్తీకంలో ఆరడుగులకే చేతికి అందేవని పిన్ని చెప్పింది. ఈ ఒక్క నూతిని ఇరవయ్యేళ్ళుగా నెలకోసారి కొలిచి గోడ మీద బొగ్గుతో రాసుకున్నా, 2016లో మొదటి బోరు వేయకముందే వాడి నీళ్ళు ఎటు పోతున్నాయో తెలిసేది.

కేంద్ర భూగర్భజల మండలి వాళ్ళు తమ పరిశీలన బావులను ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తారు. రాష్ట్రశాఖకు పీజోమీటర్లు, అంటే నీటి మట్టం చూడటానికే వేసిన గొట్టపు బోర్లు, ఉన్నాయి. ఆ అంకెలు మండలానికి పనికొస్తాయి, మూడెకరాలకు కాదు. 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చినప్పటినుంచి బోరుకు అనుమతి అడగాలి. అడిగినవాళ్ళు అడుగుతున్నారు. కానీ బోరు దిగుతున్నప్పుడు అడుగడుక్కీ ఏ రంగు పొడి వచ్చింది, ఎక్కడ తడి తగిలింది అన్నది ఎవరు రాసిపెడుతున్నారు? రిగ్గు కుర్రాడు ఆ పొడిని కుప్పలు కుప్పలుగా వరుసలో పోస్తాడు. తెల్లది, ఎర్రది, నల్లది. తెల్లారేసరికి వాన వస్తే అంతా ఒకటే బురద. మా తమ్ముడి మూడు బోర్లలో ఒక్కదాని కుప్పలకైనా ఫోటో లేదు. రిగ్గు ముందు నిలబడి తీసుకున్న సెల్ఫీలు మాత్రం పద్నాలుగున్నాయి.

చాలా ఊళ్ళలో నూతులు పూడ్చేసి సిమెంటు రోడ్లు వేశారు, చెత్త పోశారు. తర్వాత నీళ్ళెక్కడున్నాయో చూడమని నాలాంటివాడికి ఫోన్ చేస్తున్నారు. ఈ మాట అంటే మా వాళ్ళు "నీది పాతకాలం ధోరణి" అన్నారు. రాడారు బండి తోసే నన్ను!

స్టీలు టేపు మా తమ్ముడి కూతురికి ఇచ్చి వచ్చాను. ఎనిమిదో తరగతి. సుద్ద ఎలా రాయాలో, తడిసిన గీత ఎలా చూడాలో రెండుసార్లు చూపించాను. ప్రతి ఆదివారం పొద్దున్న, మోటారు వేయకముందు, నుయ్యి ఒకటి, బోరు ఒకటి. జూన్‌లో రెండు ఆదివారాలు పంపలేదు, సుద్ద అయిపోయిందట. జూలై రెండో వారం నుంచి మళ్ళీ వస్తున్నాయి. నూతిలో నీళ్ళు 23 నుంచి 19కి వచ్చాయి, తర్వాత 14. బోరులో మాత్రం చాలా వారాలు కదలిక లేదు, ఆగస్టులో ఒక్కసారిగా తొమ్మిదడుగులు లేచింది. పైన నుయ్యి ముందు, కింద పగులు నెల రోజుల తర్వాత. ఎగువన ఎక్కడ వాన పడితే అది ఇక్కడికి ఎన్నాళ్ళకు వస్తుందో ఆ రెండు అంకెల మధ్యే ఉంది. ఏ తెర మీదా నేను ఇంత స్పష్టంగా చూడలేదు.

నాలుగో బోరు వేయాలనే వాడి పట్టు వదల్లేదు. కరెంటు పద్ధతివాళ్ళు పాత నూతికి నలభై గజాల్లో ఒక చోటు చూపించారు. రంగుల తెర ఆయన చెప్పింది పొలానికి ఆ చివర. కొబ్బరికాయ ఆయన ఇంకా రాలేదు. రిగ్గుకు సంక్రాంతి తర్వాత రమ్మని అడ్వాన్సు ఇచ్చేశాడు. ఎక్కడ దింపుతాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొన్న ఆదివారం ఆ పిల్ల మెసేజి: "పెద్దనాన్నా, నుయ్యి 8 అడుగుల 2 అంగుళాలు. బోరు 17. నాన్న సుద్ద డబ్బా కొత్తది కొన్నాడు."